బస్సెక్కిన కొర్రన్నం

మా మహిళా సంఘం నడిపే ఆమెను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. ఎవరేం అడ్డం చెప్పినా "ముందు తినప్పా, తిన్నాంక మాట్లాడు" అనేది.

ఆ కరువు ఏళ్లలో మా సంఘంలో కొర్రలు పండించింది నలుగురు ఆడవాళ్లే. ఈసారీ అమ్ముడుపోకుంటే ఇక కొర్రలు విత్తేది లేదన్నారు. వాళ్లకోసం పెద్దమ్మ తనకల్లు ఊళ్లో, బస్సులాగే చోట పందిరి వేయించి తిండి పండగ పెట్టించింది. కొర్రల మూటలూ అక్కడే అమ్మకానికి పెట్టాం. కొర్రన్నం తినడం నామోషీ అనుకున్నారేమో, మధ్యాహ్నమైనా జనం రాలేదు.

"ఎత్తేద్దాం పెద్దమ్మా," అన్నాను.

"వాళ్లు రాకుంటే మనమే పోదాం పా," అంటూ గంపతో, ఎదురుగా ఆగిన కదిరి బస్సెక్కింది. సీటు సీటుకూ ఆకులో కొర్రన్నం పంచింది. కసురుకున్న కండక్టరు చేతిలోనూ ఒక ఆకు పెట్టింది.

అతను తిని, "ఈ కొర్రలు యాడ దొరుకుతాయమ్మా?" అన్నాడు.

పెద్దమ్మ మా పందిరి చూపించింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. సగం బస్సు దిగింది. ఆఖరి మూట డ్రైవరే కొన్నాడు.