అనంతగిరి మలుపులో రాళ్లు

వికారాబాదు నుంచి తాండూరు వెళ్తుండగా, అనంతగిరి ఘాటు మలుపులో అత్తమ్మకు వాంతి వస్తోందంటే కారు ఆపాను. మళ్లీ తాళం తిప్పితే ‘టక్’మనడం తప్ప ఆ పాత బండిలో చలనం లేదు. పైన ముసురు, చుట్టూ పొగమంచు. మలుపు తిరిగేదాకా నాపరాళ్ల లారీల వాళ్లకు మేము కనబడం. ఒక లారీ అద్దాన్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది. అత్తమ్మ నా చెయ్యి వదలడం లేదు.

అప్పుడు స్కూటీ మీద వెళ్తున్న ఒక నడివయసు ఆవిడ ఆగింది. కారు వంక చూడనైనా లేదు. ముందు అత్తమ్మను దింపి గట్టు మీద కూర్చోబెట్టింది. తర్వాత మలుపు అవతలికి పోయి, వచ్చే బండ్లకు తెలిసేలా రోడ్డు మీద రాళ్లు, ఆకుకొమ్మలు పెట్టి వచ్చింది.

“హారన్ కొట్టు అక్కా.”

కొడితే అది మూలిగింది.

“బ్యాటరీ కాడ వైరు పట్టు లేదు. ఫికర్ జెయ్యకు.”

బానెట్ ఎత్తి, అక్కడ పేరుకున్న తెల్లటి ఉప్పును తాళంచెవితో గీకి, రాయితో కొట్టి బిగించింది. నేను తాళం తిప్పగానే బండి అందుకుంది.

“ఎక్కండి అత్తమ్మా, పోదాం!” అన్నాను.

ఆవిడ మాత్రం మలుపు వైపు నడిచింది.

“రాళ్లు తియ్యాలె గద అక్కా. గిట్ల ఎవలో ఇడిసిపోయిన రాయి తాకే మా తమ్ముడు బండి మీదికెల్లి పడ్డడు. మల్ల లేవలే,” అంది, వెనక్కి తిరగకుండానే.

ఇప్పటికీ ఆ దారిలో రాళ్లు కనబడితే కారు ఆపుతాను. ఇంజిన్ ఆపే ధైర్యం మాత్రం లేదు. వంగి ఒక్కో రాయీ పక్కకు వేస్తుంటే, ఏ లారీ వచ్చి పడుతుందోనని చూపంతా మలుపు వైపే. అయినా దిగుతాను.