జనవరిలో సీతాఫలాలు

1959 జూన్‌లో నన్ను వికారాబాదు నుంచి తాండూరు హైస్కూలుకు బదిలీ చేశారు. నా హోదా బి.ఇడి. అసిస్టెంటు, చెప్పేది సోషల్. చేరిన నెలలోనే వరండాలో ఒక నల్లబోర్డు వేలాడదీసి, దానిమీద రోజుకో ప్రశ్న రాయడం మొదలుపెట్టాను. చరిత్రలో ఇదే తారీఖున ఏం జరిగింది? జవాబులు చీటీల మీద రాసి డబ్బాలో వేయాలి. సరిగ్గా చెప్పినవారి పేరు మర్నాడు బోర్డు మీదికెక్కుతుంది.

అక్టోబరు నాలుగున రష్యావారి మొదటి ఉపగ్రహం గురించి అడిగితే, మా బర్రె ఈనింది అని ఒక చీటీ వచ్చింది. అదీ చరిత్రే కదా అని నవ్వుకున్నాను. నెల తిరక్కుండానే బజారులో కిరాణా సేట్లు కూడా చీటీలు పంపసాగారు. హెడ్మాస్టరుకు మాత్రం ఇది నచ్చలేదు. పాఠాలు వెనకబడుతున్నాయని ఆయన బాధ. నేను సరైనదని ప్రకటించిన జవాబు ఒక్కటి తప్పినా వరండాలో ఈ బోర్డు ఉండదని ముందే ఖరాఖండిగా చెప్పేశారు. ఆ బోర్డంటే నాకు ప్రాణం. అందుకే ప్రతి తారీఖునూ రెండు పుస్తకాల్లో చూసి గాని రాసేవాణ్ణి కాదు.

డిసెంబరులో బడి లాగ్‌బుక్కు నా చేతికొచ్చింది. బడిలో జరిగిన ముఖ్యమైన సంగతులను తారీఖుతో సహా రాసే రిజిస్టరది. పాతది కాబట్టి ఉర్దూలో ఉంది. నేను చదువుకున్నదీ ఉర్దూలోనే. మొదటి పుటలో, ఈ బడి తెరిచింది ఐదో తేదీ, ఒకటో నెల అని అంకెల్లో కనిపించింది. సంవత్సరం ఫసలీలో ఉంది, అంటే నిజాం సర్కారు లెక్క. దానికి ఐదువందల తొంభై కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కలిపాను, ఎగిరి గంతేశాను. జనవరి ఐదు మన బడి పుట్టినరోజు అని చాటాను. ఆ రోజే డిప్యూటీ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నారు, ఇంకేం, ఉత్సవం ఖాయమైంది.

నాలుగో తారీఖున పిల్లలు మామిడాకుల తోరణాలు కడుతున్నారు. పెద్దేముల్ నుంచి రోజూ మాకు పెరుగు తెచ్చే కుర్మ మల్లమ్మ గంప దించి, ఏం పండుగ అని అడిగింది. చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"జనవరిల సీతాఫలాలు యాడియి సారూ? బడి పెట్టిననాడు రెండు గంపల పండ్లు నేనే మోస్కొచ్చిన. గప్పుడు కందిచేను పూత మీదుండె."

నాకు చుర్రుమంది. రిజిస్టరులో ఉన్నదాన్ని కాదనడానికి నువ్వెవరని కసిరాను. ఆమె పెరుగు పోసి తన దారిన వెళ్ళిపోయింది. కానీ మనసు ఊరుకోదు కదా. సాయంత్రం బడి వదిలాక లాగ్‌బుక్కు మళ్ళీ తిరగేశాను. ఒకచోట, ఎనిమిదో నెలలో ఎండాకాలం సెలవులు ఇచ్చినట్టు ఉంది. ఆగస్టులో ఎండాకాలం సెలవులా! అప్పుడు తలకెక్కింది. ఫసలీలో ఒకటో నెల అజూర్, అది అక్టోబరులో, సరిగ్గా సీతాఫలాల కాలంలో మొదలవుతుంది. చిన్నప్పుడు అజూర్, దై, బహ్మన్ అంటూ వల్లెవేసిన నోరే ఇది. సంవత్సరాన్ని మార్చిన మొనగాణ్ణి, నెలను మార్చడం మరిచాను.

ఎవరికీ చెప్పకుండా ఉత్సవం కానిచ్చేయవచ్చు, అడిగేవాడు లేడు. బోర్డు దక్కుతుంది. కానీ దానిమీద మళ్ళీ ఏ ముఖంతో ప్రశ్న రాయను? ఐదో తారీఖు పొద్దున్నే ఇలా రాశాను: ఈ రోజున మన తాండూరులో ఏం జరగలేదు?

ఇన్‌స్పెక్టరుగారు రాగానే దానిముందు ఆగిపోయారు. హెడ్మాస్టరు మొహం కందగడ్డయింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇన్‌స్పెక్టరుగారూ నిజాం కాలంలో నౌకరీలో చేరినవారే. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, తన సొరుగులో ఫసలీ నెలల పట్టిక ఇప్పటికీ ఉందని, అది లేకుండా పాత ఫైలు ముట్టనని అన్నారు. ఆ తర్వాత, ఈ తప్పు పట్టిందెవరని అడిగి, మల్లమ్మను పిలిపించారు. తోరణాలు కట్టేశారు కాబట్టి మిఠాయిలు ఎలాగూ పంచాలన్నారు.

హెడ్మాస్టరు మాట తప్పే మనిషి కాదు. మర్నాడు ఆ బోర్డు వరండాలో లేదు. వెతుక్కుంటూ బయటికి వెళ్ళాను. చూస్తే, బజారులో అందరికీ కనబడేలా బయట గేటుకు ఆయనే దగ్గరుండి మేకులు కొట్టిస్తున్నారు. తప్పులు పట్టేవాళ్ళు బయటే ఎక్కువ ఉన్నారు, అక్కడే ఉండనివ్వండి అని మాత్రం అన్నారు. ఆయన్ను చూసి అంతగా సంతోషపడింది ఆ ఒక్క రోజే.

గేటుకెక్కాక ఆ బోర్డు మీద మొదట రాసింది కుర్మ మల్లమ్మ పేరు. చూపిస్తే ఆమె గంప నెత్తిన పెట్టుకునే అంది:

"రాసుడైంది గని, జర గట్టిగ సదువు సారూ. బజారంత ఇనాలె."

గట్టిగానే చదివాను.

పాత కాగితంలో తారీఖు కనిపిస్తే, అది ఏ లెక్కదో, ఆ రోజుల్లో చేలో ఏముందో తెలుసుకోకుండా రిటైరయ్యేదాకా ఇంకొక ప్రశ్న రాయలేదు. లాగ్‌బుక్కులో తప్పేమీ లేదు. బి.ఇడి. చదివీ దాన్ని చదవలేకపోయింది నేను.