ఒక సైజు పెద్ద బ్యాట్

కెనడాలోని మా రెజైనాలో జూన్ సాయంత్రానికి అంతు ఉండదు. భోజనాలైపోయాక కూడా ఎండ, పొమ్మన్నా పోని చుట్టంలా గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది. మా అమ్మాయి బేస్‌బాల్ ఆడే గ్రౌండు ఊరి చివర. కంచె అవతల ఇళ్ళు లేవు, చేలూ వాటి మీద ఆకాశమూ తప్ప. మడత కుర్చీ వేసుకుని ఒంటి నిండా దుప్పటి కప్పుకుని కూర్చునేదాన్ని. జూన్‌లో దుప్పటేమిటని అడగకండి, ఇక్కడి గాలికి నెలలతో పనిలేదు. కాసేపటికి ఆ వెలుగులో కళ్ళు తెరుచుకునే ఉండేవి గానీ నేను మాత్రం అక్కడ ఉండేదాన్ని కాదు. పిల్లల కేకలు ఎక్కడో పక్క వీధిలోంచి వినిపిస్తున్నట్టుండేవి.

ఆ ఆట మేం నేర్పింది కాదు. మాకు రాదు కూడా. మా అమ్మాయికి తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఒకరోజు బడి నుంచి వచ్చి, వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి, "అమ్మా, నాకు బేస్‌బాల్ ఆడాలని ఉంది" అంది. తెలుగులో అంది. మేం తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల. ఏదైనా నిజంగా కావాలనుకున్నప్పుడు మాత్రం ఒక్కో మాటా ఏరుకుని తెలుగులో అడుగుతుంది. అలా అడిగిందానికి కాదనడం నాకు చేతకాదు.

బ్యాట్ కొనడానికి ముగ్గురం వెళ్ళాం. మా ఆయనకి బ్యాట్ల గురించి తెలిసిందల్లా వాళ్ళ కాలనీలో టెన్నిస్ బంతితో ఆడిన క్రికెట్టే. "బరువుంటేనే బంతి పోతుంది" అని తేల్చేశారు. నేనేం తక్కువ తిన్నానా? "ఎదిగే పిల్ల. ఒక సైజు పెద్దది తీసుకుందాం" అన్నాను. ఈ మాట మా ఇంట్లో వేదం. చిన్నప్పుడు నా గౌన్లన్నీ మోకాళ్ళ కింద దాకా కుట్టించి, అంచు లోపలికి మడిచి, ఏటా కాస్త విప్పేవారు. పాత మడత గీత మాత్రం చెరిగేది కాదు, గౌను చూసి వయసు చెప్పొచ్చు. కెనడా వచ్చాక కూడా మా పిల్ల మంచు బూట్లు రెండు జతల మేజోళ్ళ మీద నిలబడ్డవే. ఆ లెక్కనే ఎర్ర బ్యాట్ ఒకటి కొన్నాం, కర్రది కాదు, ఇక్కడి పిల్లలు వాడే అల్యూమినియంది. పక్కన నిలబెడితే పిల్ల మణికట్టు దాటి పైకొచ్చింది. చూసి ముచ్చటపడ్డాం.

కోచ్ హైస్కూల్లో పాఠాలు చెప్పే మనిషి, మహా నెమ్మది. మొదటి వారంలోనే నవ్వుతూ, "మేబీ కొంచెం లైటర్ బ్యాట్ ట్రై చేస్తే... మేబీ" అన్నాడు. ఇక్కడివాళ్ళు తప్పని చెప్పరు, మేబీ అంటారు. మన దగ్గరైతే "ఎవరమ్మా కొన్నది ఈ రోకలిబండ?" అని మొహం మీదే అడిగేవాళ్ళు, మాకూ చక్కగా అర్థమయ్యేది. మేమిద్దరం కూడా నవ్వి, "షూర్, షూర్" అని ఇంటికొచ్చేశాం.

ఇక ఆట మొదలైంది. బంతి వచ్చేది, వెళ్ళిపోయేది. అది వెళ్ళాక బ్యాట్ తిరిగేది. బ్యాట్ వెనకాల మా అమ్మాయి తిరిగేది. ఒకరోజు కారెక్కుతూ, "ఇట్స్ హెవీ, నాన్నా" అంది. మా ఆయన హాయిగా నవ్వి, "దీన్నే ఆడలేక మద్దెల ఓడు అంటారమ్మా" అని, అర్థం కూడా విడమరిచి చెప్పారు. డాన్స్ రాని మనిషి డ్రమ్ బాగాలేదంటుందని. అది శ్రద్ధగా వింది, తలూపింది. ఆ తర్వాత మళ్ళీ బరువని అనలేదు. సర్దుకుందనుకున్నాం.

నెల తిరగకుండానే ఒక సాయంత్రం నేనూ అదీ ఇంటికొస్తున్నాం. కారు అద్దం నిండా ఎండ. రోడ్డు కనిపించక మెల్లగా పోనిస్తున్నాను. వెనక సీట్లోంచి, "అమ్మా, నెక్స్ట్ ఇయర్ నన్ను సైన్ అప్ చేయకు, ఓకే?" అంది.

"ఏం? ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"నో. ఎవ్రీబడీ ఈజ్ నైస్." సీటు బెల్టు సర్దుకుంటూ అంది. "ద డ్రమ్ ఈజ్ ఫైన్, మా. ఐ యామ్ ద బ్యాడ్ డాన్సర్."

ఏడుస్తూ అని ఉంటే ఓదార్చేదాన్ని. రేపటి వాతావరణం చెప్పినట్టు చెప్పింది. ఇంటికొచ్చాక బ్యాట్‌ని గరాజ్ గోడకి ఆనించి లోపలికి వెళ్ళిపోయింది. నేను దీపం వేయకుండా అక్కడే నిలబడ్డాను. తలుపు కింద నుంచి వచ్చే వెలుగులో గోడకి ఆనిన ఆ ఎర్ర బ్యాట్‌ని చూస్తుంటే, దాని చోట మెల్లగా నా సైకిల్ కనిపించింది.

తెనాలిలో మా వరండా గోడకి ఆనించి ఉండేది ఆ సైకిల్. నేను నాన్నని ఎన్నాళ్ళు సతాయించానో, ఆఖరికి కొన్నారు. పెద్దవాళ్ళది కొన్నారు. ఎదిగే పిల్లని కదా. సీటెక్కితే కాళ్ళు గాలిలో ఉండేవి. "ఇంకో ఏడాది ఓపిక పట్టు" అని దాని మీద పాత దుప్పటి కప్పారు. బడి నుంచి రాగానే దుప్పటి కాస్త పైకెత్తి బెల్లు కొట్టేదాన్ని. టింగ్ మనేది. మళ్ళీ కప్పేసేదాన్ని. మధ్యాహ్నాలు అందరూ పడుకున్నాక గోడకి ఆనిన ఆ సైకిల్ మీదే ఎక్కి కూర్చుని ఊరంతా తిరిగేదాన్ని, కళ్ళు మూసుకుని. కాలవ గట్టు మీదుగా, స్టేషన్ దాటి, ఎక్కడికో. కాళ్ళు అందేనాటికి నేను ఇంటర్‌లోకొచ్చాను. "ఇప్పుడు తొక్కవే" అన్నారు నాన్న. నాకు అక్కర్లేదనిపించింది. అలగలేదు, కోపమూ లేదు. కోరికే లేదంతే. పాలు పోసే ఆయనకి ఇచ్చేశారు. నాకు ఈనాటికీ సైకిల్ రాదు.

లోపలికి వెళ్ళి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "మద్దెల ఓడని పిల్ల మొత్తుకుంటే ఆట రాదని తేల్చేశారు. ఆ మద్దెలకి చిల్లుందేమో ఒక్కరమైనా చూశామా?"

ఆయనకి సగం అర్థం కాలేదు. "ఒక సైజు పెద్దదన్నది నువ్వే కదా" అన్నారు.

"నేనే. ఇప్పుడు వద్దంటున్నదీ నేనే."

మర్నాడు ప్రాక్టీసు దగ్గర కోచ్‌ని పట్టుకున్నాను. "మేబీ వద్దండీ, ఉన్నదున్నట్టు చెప్పండి" అని ఇంగ్లీషులో ప్రాధేయపడ్డాను. ఆయన మా అమ్మాయిని పిలిచి, బ్యాట్ పిడి పట్టుకుని చెయ్యి పక్కకి చాచి అలాగే ఉంచమన్నాడు. చాచింది. ఎర్ర బ్యాట్ కొస మెల్లగా నేల వైపు వాలడం మొదలైంది. పెదవి కొరుక్కుని మళ్ళీ పైకెత్తింది. చిన్న చెయ్యి, భుజం దాకా వణికిపోతోంది. అయినా దించదే. పరీక్ష బ్యాట్‌కి కాదు, తనకి అనుకుంటోంది. చూడలేక నేనే వెళ్ళి దాని చేతిలోంచి తీసేసుకున్నాను. బ్యాట్‌ని పక్కన నిలబెట్టి చేతిని నిటారుగా కిందకి వదిలితే అరచెయ్యి పిడి చివర్ని తాకాలట, చాచితే కొస కదలకూడదట. ఇంతే శాస్త్రం.

శనివారం కొట్లో అది ఒక్కో బ్యాటూ తీసి చెయ్యి చాచి చూసుకుంటుంటే, నా చెయ్యి అలవాటుగా పక్కనున్న పెద్దదాని మీదకే పోయింది. వెనక్కి తీసుకున్నాను. ఒక నీలం బ్యాట్ దాని చేతిలో కదలకుండా నిలిచింది. మా ఆయన చెవిలో, "రెండేళ్ళకి పొట్టిదైపోతుంది" అన్నారు.

"అవనీయండి. ఆ రెండేళ్ళూ ఆడుతుంది కదా" అన్నాను.

తర్వాతి ఆటలో నేను మామూలుగానే ఆ వెలుగులో తేలుతున్నాను. టింగ్ మని వినిపించింది. అచ్చం మా వరండాలో బెల్లు. ఎవరో దుప్పటి ఎత్తారనుకున్నాను. చూస్తే బంతి ఎర్రమట్టి మీద దొర్లుకుంటూ పోతోంది, మా అమ్మాయి దానికేసి నోరు తెరుచుకుని చూస్తోంది. అన్నాళ్ళూ కొట్టలేదు కదా, కొట్టాక ఏం చేయాలో మరిచిపోయింది. "రన్! రన్!" అని గ్రౌండంతా అరుస్తుంటే అప్పుడు ఉలిక్కిపడి పరిగెత్తింది. అవుటైంది. అయినా తిరిగొస్తున్నప్పుడు దాని మొహం చూడాలి. కారులో దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది.

ఆ నీలం బ్యాట్‌తో ఆ వేసవీ, తర్వాతి వేసవీ ఆడింది. కొన్నిసార్లు కొట్టింది, చాలాసార్లు కొట్టలేదు, మద్దెల ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఈ మధ్యే, ఇంకా మంచు పూర్తిగా కరగని ఒక మధ్యాహ్నం, నీలం బ్యాట్ పట్టుకుని వంటింట్లోకొచ్చింది. "ఇట్స్ టూ స్మాల్, మా." నిజమే, చెయ్యి వదిలితే పిడి ఎక్కడో కిందుంది. నేను గరాజ్‌లోకి వెళ్ళి, మంచు పారల వెనక నుంచి ఎర్ర బ్యాట్ బయటికి తీసి కొంగుతో దుమ్ము తుడిచాను. పక్కన నిలబెట్టుకుంది. అరచెయ్యి సరిగ్గా పిడి చివర ఆనింది. చెయ్యి చాచింది. కొస కదల్లేదు.

ఏ రోజు కోసం ఆ బ్యాట్ కొన్నామో ఆ రోజు వచ్చింది. నేను మాత్రం దాని మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. సైకిల్ నా కాళ్ళకి అందిన రోజున నాన్న కూడా ఇలాగే నా మొహంలోకి చూస్తూ నిలబడి ఉంటారు. ఇప్పుడిది అక్కర్లేదంటే? అది బ్యాట్‌ని ఒకసారి గాలిలో తిప్పి చూసుకుంది. దాని వెనకాల తను తిరగలేదు. మరోసారి తిప్పింది. తర్వాత నా వైపు తిరిగి, ఒక్కో మాటా ఏరుకుంటూ అంది.

"అమ్మా, బంతి వేస్తావా? నాకు ఆడాలని ఉంది."

చెప్పులు వెతుక్కోకుండానే వాకిట్లో మంచులోకి పరిగెత్తాను.