అర మెట్టు పైన

నాలుగు వయొలిన్లు, రెండు వీణలు, ఒక తంబూరా, ఒక మృదంగం, వాటి వెనక ఎనిమిది మంది పెద్ద విద్వాంసులు. కాకినాడలో జరిగిన యువ కళాకారుల పోటీలో మాకు తోడు వాయించిన వాద్యబృందం అది. ముందు కూర్చుని సోలో వాయించాల్సింది మేం. నేనప్పుడు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. వేణువు పట్టుకుని నరసాపురం నుంచి బస్సులో వెళ్లాను.

నా పేరు పిలిచారు. స్టేజి ఎక్కి షడ్జమం ఊదగానే బృందమంతా తలెత్తి చూసింది. నా శ్రుతి వాళ్లకన్నా అర మెట్టు పైనుంది. వాళ్లు ముందే చెప్పిన శ్రుతి వేణువు ఇంట్లో వదిలేసి, రెండోది సంచిలో పెట్టుకొచ్చాను! చెవులు వేడెక్కిపోయాయి.

"టైము లేదండీ, తర్వాతి వాళ్లని పిలుద్దాం," అన్నారు నిర్వాహకులు.

మొదటి వయొలిన్ మాస్టారు ఒప్పుకోలేదు. "వెదురుని సాగదీయలేం కదండీ. మనమే పైకెక్కుదాం," అంటూ బిరడాలు తిప్పి తీగలు బిగించడం మొదలుపెట్టారు. మిగతావాళ్లూ అందుకున్నారు. మృదంగం తాతగారు శ్రుతి పెంచడానికి దాని అంచు మీద రాయితో కొడుతూ, "ఈసారి వేణువుతోపాటు బుర్ర కూడా తెచ్చుకో అబ్బాయ్," అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వేశాను. దాంతో భయం పోయింది.

బాగానే వాయించాను కానీ బహుమతి రాలేదు. ఇంటికొస్తూ బస్సులో లెక్కేశాను. నా ఒక్కడి కోసం ఆ పెద్దవాళ్లు శ్రుతి మార్చిన తీగలు ముప్పై నాలుగు.