ఆరు జతల చెప్పులు ఎక్కువైన రోజు

నా చిన్నప్పుడు మా ఏడో తరగతి గది ముందు ముప్పై నాలుగు జతల చెప్పులు ఉండేవి. వాటిలో సరైన జత ఒక్కటీ లేదు. ఒక కాలికి ఎర్ర పట్టీ ఉంటే ఇంకో కాలికి నీలం పట్టీ. ఒక పిల్లవాడికైతే రెండూ ఎడమకాలివే వచ్చాయి. వాడు తిన్నగా నడవాలనుకున్నా కుడివైపుకే పోయేవాడు. అంతకుముందు పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనక ఉండే మా బస్తీ పిల్లలం ఉత్తకాళ్లతోనే బడికి వెళ్లేవాళ్లం. ఎండాకాలంలో తారురోడ్డు మీద మేం గెంతుతూ రావడం చూడలేక మా పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, చెప్పుల ఫ్యాక్టరీ గేటు ముందు నాలుగు రోజులు నిలబడ్డారు. మేనేజరును బతిమాలి, చెకింగులో తీసేసిన చెప్పులు రెండు బస్తాలు సంపాదించారు. ఆ బస్తాలను సైకిలు మీద మోసుకొచ్చింది మా నాయనే. ఆయన ఆ ఫ్యాక్టరీలోనే ప్యాకింగు పని చేసేవాడు.

ఆ ఏడు ఒక ఇన్‌స్పెక్టరమ్మ జిల్లాలో పేదపిల్లలు చదివే బళ్లన్నీ చూస్తుందని, పిల్లలు బాగా చదువుతున్న బడికి షీల్డు ఇస్తారని కబురు వచ్చింది. ఒట్టి షీల్డే అయితే మా బస్తీ పట్టించుకునేది కాదు. షీల్డు వచ్చిన బడిని పదో తరగతి దాకా పెంచుతారట. మా బడి ఏడుతో ఆగిపోయేది. ఎనిమిది చదవాలంటే లారీలు పోయే బొంబాయి రోడ్డు దాటి అవతలికి వెళ్లాలి. ఏడు కాగానే నేను ఇంట్లో ఉండి తమ్ముణ్ణి చూసుకోవాలని మా అమ్మ ముందే తేల్చేసింది. అందుకని ఆ షీల్డు పెద్దసారు కన్నా నాకే ఎక్కువ అవసరం. చిక్కల్లా ఏమిటంటే, క్లాసులో చదువు రాని ఆరుగురిలో నేనే మొదటిదాన్ని. ఎనిమిదో ఎక్కంలో ఎనిమిదార్లు నలభై ఎనిమిది దాకా ఎవరితోనైనా పోటీకి నిలబడేదాన్ని. ఎనిమిదేళ్ల దగ్గరికి వచ్చేసరికి నోరు తెరుచుకునేది గానీ మాట వచ్చేది కాదు.

పెద్దసారు తల్లిదండ్రులను బడికి పిలిపించి సంగతి చెప్పారు. చదువు రానివాళ్లు ఆరుగురు ఉన్నారు, ఇన్‌స్పెక్టరమ్మ వాళ్లనే లేపి అడిగితే ఏం చేయాలని తల పట్టుకున్నారు. అప్పుడు మా నాయన లేచి నిలబడ్డాడు. నలుగురిలో ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి.

"సారూ, గిదేం పెద్ద ముచ్చట. మా కాడ చెకింగోళ్లు వస్తే రిజెక్ట్ మాల్ ఎనక గోదాంల పెట్టి తాటిపత్రి కప్పుతం. ముంగట మంచి మాల్ పెడ్తం. వాళ్లు పోయినంక మళ్ల తీస్తం. గంతే."

అందరూ తలలూపారు. ఇంత తెలివైన మనిషి ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదని ముచ్చటపడ్డారు. మా నాయన ఇంటికొచ్చేదాకా ఛాతీ విరుచుకునే నడిచాడు. ఆ రిజెక్ట్ మాల్‌లో మొదటి పేరు తన బిడ్డదేనని ఆయనకు తట్టలేదు. నేనూ చెప్పలేదు. పాపం, ఒక్కరోజైనా ఆ గొప్ప ఉండనీ అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చే రోజు పొద్దున మేం ఎప్పటిలాగే వరండాలో చెప్పులు విడిచి క్లాసులోకి వెళ్లాం. పెద్దసారు రిజిస్టరులో మా ఆరుగురి పేర్ల ముందూ ఆబ్సెంట్ వేసి, మమ్మల్ని వరండా చివరన ఉన్న స్టోరు గదిలోకి తీసుకెళ్లారు. లోపల విరిగిన బెంచీలు, పాత ఓటు డబ్బాలు, వాటి మధ్య మేము. పోయేముందు ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "బడి కోసం బిడ్డా," అన్నారు. నేను మాత్రం సంతోషంగానే కూర్చున్నాను. కనబడకుండా ఉంటే చాలు బడికి మేలు జరుగుతుందంటే, అంతకన్నా తేలికైన పని నాకు అప్పటిదాకా ఎవరూ అప్పజెప్పలేదు.

మాకు కాపలా అటెండర్ చాచా. బయట గొళ్లెం పెట్టమంటే ఆయన ఒప్పుకోలేదు. "పిల్లలను బంద్ చేసి పెట్ట సార్. నేనే తలుపుకు ఆనుకొని కూసుంట," అన్నాడు. మా చేతుల్లో తలా పిడికెడు పుట్నాలు పోసి, "జెర ఖామోష్ ఉండుండ్రి బేటా," అని చెప్పి, స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నమిలితే చప్పుడవుతుందని మేం ఆ పుట్నాలను చప్పరించాం. పిడికెడు పుట్నాలు చప్పరించడానికి ఎంతసేపు పడుతుందో కావాలంటే మీరూ ప్రయత్నించి చూడండి.

క్లాసులో మిగతా ఇరవై ఎనిమిది మంది అదరగొట్టారు. పద్యాలు, రాజధానులు, ఎక్కాలు అన్నీ మాకు వినిపిస్తూనే ఉన్నాయి. షీల్డు వచ్చేసినట్టే అనుకున్నాం. ఇన్‌స్పెక్టరమ్మ వెళ్లిపోవడానికి వరండాలోకి వచ్చి తన చెప్పులు వేసుకుంటూ ఆగిపోయింది. నేను కిటికీ సందులోంచి చూస్తున్నాను. పొట్టి మనిషి, చేతిలో గొడుగు. ఆ గొడుగు కొనతో మా చెప్పుల వరస మొత్తం లెక్కపెట్టింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"చెప్పులు వచ్చినయి కద సార్," అంది పెద్దసారుతో. "పిల్లలు రాలేదా?"

అబద్ధం చెప్పడంలో పెద్దసారు మా ఆరుగురి కన్నా వెనకబడి ఉండేవారు. నిన్న మరిచిపోయి వెళ్లారు అన్నారు. ఆరుగురూ ఒకేసారి ఎలా మరిచిపోయారని ఆమె అడిగితే, ఆ మతిమరుపు వల్లే వాళ్లకు చదువు రావడం లేదన్నారు.

ఆమె పిల్లలను బయటికి పిలిచి ఎవరి చెప్పులు వాళ్లను వేసుకోమంది. రంగులు కలవని చెప్పులు కాబట్టి ఎవరూ తడబడలేదు. చివరికి ఆరు జతలు మిగిలాయి. అందులో మొదటిది నాది. ఒకటి ఎరుపు, ఒకటి నీలం, తెగిన పట్టీకి పిన్నీసు. ఆమె డ్రైవరును పిలిచి, గొంతు కాస్త పెంచి చెప్పింది. "ఇవి ఎవ్వరియి కావంట. జీపుల పెట్టు. వేరే బడి పిల్లలకిద్దాం."

షీల్డు, పదో తరగతి, బొంబాయి రోడ్డు అన్నీ నా తలలోంచి ఎగిరిపోయాయి. చెప్పులు పోగొట్టుకుని ఇంటికొస్తే తోలు తీస్తానన్న మా అమ్మ మాట ఒక్కటే మిగిలింది. తలుపు లోపలికి లాగాను. దానికి ఆనుకుని కునుకు తీస్తున్న చాచా స్టూలుతో సహా వెల్లకిలా వచ్చి మా మధ్యలో పడ్డాడు. ఆయన మీదుగా దూకి, తల నిండా బూజుతో వరండాలోకి పరుగెత్తాను.

"మేడం, గవి నాయి."

నా వెనకే మిగతా ఐదుగురూ వచ్చారు. అందరికన్నా చివర నడుం పట్టుకుని చాచా వచ్చాడు. లోపల ఏం చేస్తున్నారని ఆమె అడిగింది. దాచాల్సిన సంగతని అప్పటికే మరిచిపోయి, ఇంట్లో రోజూ వినే మాట చెప్పినట్టే చెప్పేశాను. "మేము రిజెక్ట్ మాల్ మేడం. చెకింగ్ అయినంక బయటికి తీస్తరు."

అందరూ నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. పెద్దసారు గోడవైపు తిరిగి కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు, ఎంతకీ ఆపలేదు. అప్పుడు, ఆ రోజు మొత్తంలో మొదటిసారి, నాకు సిగ్గేసింది.

ఈ వింత చెప్పులు ఎక్కడివని ఆమె అడిగితే చాచా ఆ కథంతా చెప్పాడు. ఆమె పెద్దసారు వైపు తిరిగింది. "పిల్లల కాళ్లు కాలుతయని గేటు కాడ నిలబడ్డ మనిషి మీరు. మరి వీళ్లనెట్ల లోపల కూసోపెట్టిన్రు సార్?" అంది మెల్లగా. మూడు నెలల తర్వాత మళ్లీ వస్తానని, ఏ రోజో చెప్పనని, ఈసారి అడిగితే ఈ ఆరుగురినే అడుగుతానని చెప్పి ఆమె జీపెక్కింది.

ఆ సాయంత్రం మా నాయనకు సంగతి తెలిసింది. కంచం ముందు కూర్చుని చాలాసేపు అన్నం కలపలేదు. "గోదాం ముచ్చట నేనే అంటి కద," అన్నాడు. "నిన్ను అన్లే బిడ్డా." తిన్నాక నా చెప్పు తెచ్చుకుని, పిన్నీసు తీసేసి, కొత్త పట్టీ వేశాడు. మర్నాటి నుంచి షిఫ్టు దిగి రాగానే నా పక్కన కూర్చుని ఎనిమిదో ఎక్కం చదివేవాడు. ఆయన కూడా ఎనిమిదేళ్ల దగ్గరే ఆగిపోయేవాడు. ఇది మా ఇంటి జబ్బేనని తెలిశాక నాకు చెప్పలేనంత ధైర్యం వచ్చింది.

ఆ మూడు నెలలూ మా ఆరుగురికీ బస్తీలో కొత్త అల్లుళ్లకు చేసే మర్యాదలు జరిగాయి. క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల నా సంచి మోసేది. చాచా గంట కొడుతూ మధ్యలో ఎక్కం అడిగేవాడు. కిరాణా షాపాయన ఎక్కం అప్పజెప్పనిదే బెల్లం కట్టేవాడు కాదు. మా అమ్మకు బెల్లం అందేసరికి ఒక్కోసారి చాయ్ చల్లారిపోయేది. పెద్దసారు రోజూ సాయంత్రం మా ఆరుగురినీ ముందు బెంచీలో కూర్చోబెట్టి చెప్పేవారు. ఆ గదిలో మేం ముందు బెంచీ ఎక్కడం అదే మొదలు.

ఆమె ఒక మధ్యాహ్నం వచ్చింది. వరండాలో గొడుగు కొనతో చెప్పులు లెక్కపెట్టింది. ముప్పై నాలుగు. లోపల తలలు లెక్కపెట్టింది. ముప్పై నాలుగు. మా ఆరుగురి నోటుపుస్తకాలు తెప్పించుకుని నిదానంగా తిరగేసి, రిజిస్టరులో ఏదో రాసి లేచింది. ఒక్క ప్రశ్న అడగలేదు. బస్తీ అంతా కలిసి నా తలకెక్కించిన ఎక్కానికి అడిగే దిక్కు లేకుండా పోయింది. నేను తట్టుకోలేకపోయాను. ఎనిమిదేళ్లు యాభై ఆరు, ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు, అని అరుస్తూ జీపు వెనక గేటు దాకా పరుగెత్తాను. జీపు ఆగింది. ఆమె తల బయటపెట్టింది.

"ఎనిమిది తొమ్ముదులు?"

"డెబ్బై రెండు మేడం."

"ఇగ పోయి చెప్పులేసుకో. కాళ్లు కాలుతయి."

షీల్డు వచ్చింది. మరుసటి ఏడు ఎనిమిదో తరగతి వచ్చింది. నేను రోడ్డు దాటకుండానే పది దాకా చదివాను. లెక్కల్లో ముప్పై ఆరు మార్కులు. పాసు కావడానికి కావలసినదాని కన్నా ఒకటి ఎక్కువే.

మొన్న ఆ బడికి మళ్లీ ఇలాంటి గుర్తింపే వచ్చింది. పాత విద్యార్థుల్లో పెద్దదాన్నని స్టేజీ మీద కూర్చోమని పిలిచారు. ఇప్పుడు పిల్లలందరికీ బూట్లున్నాయి, రెండు కాళ్లకూ ఒకే రంగువి. సభకు వచ్చిన ఏడో తరగతి పిల్లలవి హాలు బయట వరసగా విడిచి ఉంటే అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. నలభై ఒక్క జతలు. లోపల తలలు ముప్పై తొమ్మిది. షీల్డు తెచ్చిన ఆఫీసరు మైకు పట్టుకున్నాడు. నేను కూర్చోలేదు. హెడ్మాస్టరమ్మ కంగారుగా వచ్చి ఏమైందని అడిగింది. "ఇద్దరు తక్కువున్నరు బిడ్డా. యాడున్నరో చూపియ్యి," అన్నాను.

వాళ్లను ఎవరూ దాచలేదు. ఒక పిల్ల బూట్లు విడిచాక, యూనిఫారం భుజం దగ్గర చిరిగిందని సిగ్గుపడి వంటగది వెనక కూర్చుంది. బీహారు నుంచి పనికొచ్చిన వాళ్ల బిడ్డ. ఆమెకు తోడు ఇంకో పిల్ల. నా గొలుసుకు ఎప్పుడూ వేలాడే పిన్నీసు తీసి ఆ చిరుగుకు పెట్టాను. ఇద్దరినీ వెంటబెట్టుకుని హాల్లోకి వచ్చి, ముందు వరసలో కూర్చోబెట్టి, తలలు మళ్లీ లెక్కపెట్టాను. నలభై ఒకటి వచ్చాక వెళ్లి నా కుర్చీలో కూర్చుని, ఇక ఇవ్వండి అన్నట్టు ఆఫీసరు వైపు తలూపాను.