గోర్డ్ వీపు చాటున

లెత్‌బ్రిడ్జ్ ఊళ్లో గాలి మనిషిని ఒక్క పూట ప్రశాంతంగా ఉండనివ్వదు. అక్కడ బడి వంటశాలలో పనిచేసే డోరీన్ స్టెఫనిక్‌కి నలభై దాటాక ట్రయథ్లాన్ పిచ్చి పట్టింది. ఈత కొట్టాలి, సైకిలు తొక్కాలి, ఆపైన పరుగెత్తాలి. మూడేళ్లుగా ప్రతి ఆదివారం సైకిళ్ల గుంపుతో కలిసి, ఆమె తన పాత సైకిలు మీద గాలి తగలకుండా గోర్డ్ వెనకే తొక్కుతోంది. గోర్డ్ గుర్రాలకు నాడాలు కొట్టి కొట్టి మానేసిన పెద్దాయన. వీపు చూస్తే తలుపంత ఉంటుంది.

ఈ ఆదివారం డోరీన్ వేగం కోసమే చేసిన కొత్త టైమ్ ట్రయల్ సైకిలుతో దిగింది. ముందుకు పొడుచుకొచ్చిన కడ్డీల మీద మోచేతులు ఆనించి, దాదాపు పడుకునే తొక్కాలి. మురిసిపోతూ, అలవాటు కొద్దీ గోర్డ్ వెనక చేరబోయింది.

"ఆగాగు! అలా పడుకుంటే నీకు బ్రేకు అందదు. నా నడ్డి విరగ్గొడతావు. ముందుకు పద మహారాణీ!" అన్నాడు గోర్డ్.

"ముందు నేనా? మరి గాలి?"

"ఏం, ఇన్నాళ్లూ మేం అడ్డు కాయలేదా?"

గుంపంతా గొల్లుమంది. డోరీన్ రోషంగా ముందుకు దూసుకెళ్లింది. మలుపు తిరగగానే గాలి చెంప ఛెళ్లుమనిపించింది. సైకిలు బాణంలా పోతున్నా తొడలు మండిపోయాయి. మూడేళ్లు ఇదంతా ఆ ముసలాయన తన కోసం భరించాడా? ఒక్కనాడూ విసుక్కోలేదే! ఆమె కళ్లు చెమర్చాయి.

"అలిసిపోయావు, పక్కకు జరుగు. నేనొస్తా," వెనకనుంచి గోర్డ్ కేకేశాడు.

డోరీన్ మోచేతులు ఇంకా గట్టిగా ఆనించింది.

"ఇన్నాళ్లూ నువ్వు కాసింది చాల్లే పెద్దాయనా. నోరు మూసుకుని నా వెనక రా!"