ఎవరూ అందుకోని పాట

మా ఆయన చనిపోయిన ఏడాది జరిగిందిది. నాకు చదువు రాదు, పాటలే వచ్చు. మద్రాసులో మా పెరంబూరు తెలుగువాళ్ల పెళ్లిపాటలను కంప్యూటర్లో దాచాలని కాలేజీ అమ్మాయి సుజాత తిరుగుతోంది. ఖర్చుకు మా తెలుగు సంఘం సాయం కావాలి. పెద్దలకు వినిపించమని నన్ను తీసుకెళ్లింది.

వియ్యపురాలిని ఎగతాళి చేసే పాట ఒక చరణం పాడి, అలవాటుగా ఆగాను. మగపెళ్లివారు బదులు పాడాలి కదా. హాల్లో కూర్చున్నవాళ్ల వైపు చూశాను.

“ఏం పెద్దమ్మా, మరిచిపోతివా?” అన్నాడు ప్రెసిడెంటు.

“నేను మరవలా నాయనా. ఇప్పుడు మీరు పాడాల.”

ఒక్కరికీ రాలేదు. తలలు దించుకుని సాయానికి ఒప్పుకున్నారు.

రికార్డింగులో రెండు వైపులా నేనే పాడాను. నలుగురు లేని ఎగతాళి ఎంత ఒంటరిదో అప్పుడు తెలిసింది. తన శబ్దం రికార్డులో పడుతుందని సుజాత కూడా నవ్వలేదు.